పంక్చర్ పడితే గుంపంతా ఆగాలా? (నెల్లూరు–మైపాడు ఆదివారం రైడ్)

పెన్నాగట్టు
ఆదివారం సైకిల్ రైడ్‌కి ఒక కట్టుబాటు పెట్టుకుందామని అడుగుతున్నా. వీఆర్‌సీ సెంటర్ నుంచి మైపాడు బీచికి పోనూ రానూ యాభై కిలోమీటర్లు. పన్నెండు మంది బయల్దేరతాం. ఒకరికి పంక్చర్ పడితే పన్నెండు మందీ మార్జిన్లో నిలబడిపోతున్నాం. నేననేది ఏందంటే, పంక్చర్ పడినవాళ్ళతో ఇద్దరు ఉండాలి, మిగతావాళ్ళు ఇందుకూరుపేట టీకొట్టు దాకా పోయి అక్కడ ఆగాలి. ఎవరి సామాను వాళ్ళదే. తన టైరుకి సరిపోయే ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే లీవర్లు రెండు, పంపు ఒకటి. ఇవి లేకుండా రైడ్‌కి రావొద్దు. ట్యూబు మార్చడం ఏడు నిమిషాల పని, దానికి పన్నెండు మంది కాపలా అక్కర్లేదు.

ఉప్పుగాలి
ఏడు నిమిషాలనేది ఇంట్లో ఫ్యాను కింద లెక్క అన్నా. మైపాడు రోడ్డు మీద పడేవి ఎక్కువ సర్కారు తుమ్మ ముళ్ళే. ట్రాక్టర్లో కంప మోపులు పోతాయి, చేలకీ రొయ్యల గుంతలకీ కంచె వేస్తారు, ఒక్క వాన పడితే ఆ ముళ్ళన్నీ రోడ్డు అంచుకి కొట్టుకొస్తాయి. మనం తొక్కేదీ ఆ అంచునే.

ముల్లు మొన విరిగి టైరులో ఉండిపోద్ది. బయటినుంచి చూస్తే చిన్న నల్లచుక్క, అంతే. అది తియ్యకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే అర కిలోమీటరు పోకముందే మళ్ళీ గాలి దిగుద్ది, ఉన్న ఒక్క ట్యూబూ పాయె. వెతకాలంటే ముందు పాత ట్యూబుకి గాలి కొట్టి చిల్లు పట్టుకోవాలి. అది వాల్వుకి ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరు మీద అదే దూరంలో చూడాలి. టైరు వేసేటప్పుడే దాని మీది పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేట్టు వేసుకోమనేది ఇందుకే. అప్పటికీ దొరక్కపోతే గుడ్డముక్క లోపల చుట్టూ తిప్పాలి. దారం ఎక్కడ చిక్కుకుంటే ముల్లు అక్కడ. వేలు పెట్టి తిప్పితే వేలే తెగుద్ది. దొరికాక లోపలినుంచి పిన్నీసుతో బయటికి పొడవాలి.

తెల్లారి అయిదుంబావుకి చీకట్లో ఇదంతా ఇద్దరితో ఏడు నిమిషాల్లో కాదు. ఒకరు ఫోను లైటు పట్టాలి, ఒకరు ముల్లు వెతకాలి, ఒకరు కొత్త ట్యూబుకి కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేసి ఇయ్యాలి. అందరూ ఆగాల్సిందే.

పెన్నాగట్టు
మీరే లెక్క చెప్పారు, ముగ్గురు. మరి మిగతా తొమ్మిది మంది ఏం చేస్తారు?

ఏడు నిమిషాలు ఎట్టా అవుద్దో చెప్తా. వెనక చక్రమైతే చైనుని ముందే చిన్న పళ్ళచక్రం మీదికి దించాలి, అప్పుడు చక్రం తేలిగ్గా జారుద్ది. చాలామంది ఈ పని మర్చిపోయి చైనుతో కుస్తీ పడుతూ మూడు నిమిషాలు పోగొడతారు. టైరు వేసేటప్పుడు వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివర్లో బిగుసుకుపోతే లీవరు పెట్టొద్దు, కొత్త ట్యూబు దానికింద నలిగి చిల్లు పడుద్ది. టైరు అంచుల్ని చుట్టూ రిమ్ము నడిమి గాడిలోకి నొక్కుకుంటూ వస్తే కొంచెం వదులు దొరుకుద్ది, బొటనవేళ్ళతోనే ఎక్కుద్ది. ఆఖర్న వాల్వుని ఒకసారి పైకి నొక్కి చూడాలి, ట్యూబు అంచు కింద ఇరుక్కోకుండా. గాలికి 16 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) బుడ్డి. క్షణాల్లో నిండుద్ది. బుడ్డి మంచులా చల్లబడుద్ది కాబట్టి గుడ్డతో పట్టుకోవాలి.

ట్యూబ్‌లెస్_28
అందరూ ట్యూబ్‌లెస్‌కి మారండి. ఈ చర్చే ఉండదు.

ఉప్పుగాలి
ఉంటుంది తమ్ముడూ. నెల్లూరు ఎండకి లోపల పోసే సీలెంటు, అదే చిల్లు పూడ్చే జిగురు, రెండు మూడు నెలల్లో ఎండిపోయి రబ్బరు ఉండలవుద్ది. పోసి మర్చిపోయినవాళ్ళే అందరికంటే ఎక్కువసేపు రోడ్డు మీద నిలబడతారు. చక్రం ఊపితే లోపల నీళ్ళ చప్పుడు రావాలి, రాకపోతే ముప్పై, నలభై మిల్లీలీటర్లు పొయ్యాలి. ముల్లుకి అది బాగానే పనిచేస్తుంది, కాదనను. గాజుపెంకు టైరుని కోస్తే దాని చేతకాదు, కోతలోకి రబ్బరు ప్లగ్గు దూర్చాలి. అదీ నిలవకపోతే చివరికి ట్యూబే వెయ్యాలి. టైరు నిండా జిగురుతో ఆ పని చేసి చూడు.

పెన్నాగట్టు అన్నా, సీఓటూ గాలి తెల్లారేసరికి దిగిపోద్ది, ట్యూబు రబ్బరులోంచే బయటికి పోద్ది. ఇంటికి పోగానే తీసేసి మామూలు గాలి కొట్టుకోవాలని కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. మళ్ళీ పంక్చరే అనుకుని బాగున్న ట్యూబు పారేస్తారు.

పెన్నాగట్టు
తెల్లారి దిగిపోతే నాకేం? నాకు కావాల్సింది ఆ పూట ఇల్లు చేరడం. ఏడు నిమిషాలు అవునా కాదా, అది చెప్పండి.

ఒంగోలు_వేపచెట్టు
ఇటు ఒంగోలు నుంచి కొత్తపట్నం రైడ్‌లో మేం చేసేది చెప్తా, పనికొస్తే వాడుకోండి. పంక్చర్ పడినవాళ్ళు చెయ్యి పైకెత్తి గట్టిగా అరవాలి. బ్రేకు కొట్టకూడదు, వెనక చక్రానికి అడుగు దూరంలో ఇంకొకరు ఉంటారు. ముందుపోయేవాళ్ళకి ఆ అరుపు అందేదాకా ఒకరినుంచి ఒకరు అరవాలి. ఆగేది మలుపులో కాదు, కల్వర్టు మీద కాదు. తారు దిగి పూర్తిగా మట్టిలోకి రావాలి. చక్రం విప్పి ఎవరూ తెల్లగీత మీద కూర్చోకూడదు. గుంపులో ఆఖరుమనిషి ఎవరో బయల్దేరకముందే తేల్చుకుంటాం. పెద్ద పంపు, ప్యాచీలు ఆ మనిషి దగ్గరే. పన్నెండు మంది రోడ్డు పక్కన గుంపుగా నిలబడితే లారీలకి అడ్డం, అది మాత్రం నిజం.

పెన్నాగట్టు
చూశారా, ఆయనే అంటున్నాడు.

ఉప్పుగాలి
ఆయన మట్టిలోకి దిగమన్నాడు, ఇందుకూరుపేట పొమ్మనలేదు.

నల్లచైను
అసలు సామాను లేకుండా వచ్చేవాళ్ళకి మనమెందుకు ఆగాలి? గత రెండు వారాలూ ఆగింది సామాను లేనివాళ్ళ కోసమే.

పాతసైకిల్
ఆ రెండువారాలూ ఆగింది నా కోసమే కాబట్టి నేనే చెప్తాను. నాది గేర్లు లేని సైకిలు, 28 అంగుళాల, ఒకటిన్నర అంగుళం వెడల్పు టైరు. మీ సన్నటి 700 సైజు ట్యూబు దానికి సరిపోదు. మీ లీవర్లతో ఆ ఇనప రిమ్ము మీద టైరు లేపితే లీవరే విరుగుద్ది. సామాను తెచ్చుకోమనడం న్యాయమే. ఏ సామానో చెప్పండి, తెస్తాను.

పెన్నాగట్టు
బాబాయ్, మీ మీద కోపం కాదు. ఆ సైకిలుకి వెనక నట్లు, చైను కవరు, స్టాండు, క్యారేజీ. చక్రం విప్పాలంటే అరగంట. పైగా మీ వాల్వుకి మా పంపులు పట్టవు. పంక్చర్ పడితే రోడ్డు మీద ఎవరూ ఏం చెయ్యలేరు. అట్టాంటి బండి యాభై కిలోమీటర్ల రైడ్‌కి తేవొద్దని చెప్పడం తప్పా?

ఉప్పుగాలి
తప్పే. ఎందుకంటే మీరు చెప్పిన రెండూ తప్పే.

ఆ సైకిలుకి చక్రం విప్పాల్సిన పనే లేదు. ఊళ్ళో ఏ పంక్చర్ షాపులోనైనా చూడండి, ఎవరూ నట్టు ముట్టుకోరు. సైకిలు తిరగేసి, టైరు ఒకవైపు అంచు మాత్రమే లేపి, ట్యూబుని పక్కనుంచి లాగి, చక్రం బండికి ఉండగానే ప్యాచీ వేస్తారు. చిల్లున్నచోట గరుకుకాగితంతో రుద్దాలి, మెరుపు పోయి మసకబారేదాకా. సొల్యూషను పల్చగా, ప్యాచీ కంటే కొంచెం వెడల్పుగా పూయాలి. పూసిన వెంటనే అంటిస్తే ఊడొస్తుంది. అయిదు నిమిషాలు ఆరనిచ్చి, వేలుకి అంటనప్పుడు ప్యాచీ పెట్టి గట్టిగా నొక్కాలి. సొల్యూషను లేని స్టిక్కరు ప్యాచీలు మన ఎండకి జరిగిపోతాయి, వాటిని నమ్ముకోవద్దు.

రెండోది, పంపు. మీ సన్నటి వాల్వుకి పట్టే పంపు మూతి ఆ పాతరకం వాల్వుకి కూడా పడుద్ది. పట్టనిది మోటారుసైకిలు వాల్వుకి కొట్టేది. ఎప్పుడైనా పెట్టి చూశారా?

పెన్నాగట్టు
పెట్టి చూడలేదు.

పాతసైకిల్
పడుద్ది అబ్బాయ్. నేను చూశాను.

ఇంకొకటి. ఈ వాల్వులో పిన్ను మీద సన్నటి రబ్బరుగొట్టం ఉంటుంది, వాల్వ్ రబ్బరంటాం. అది ఎండకి పగులుద్ది. గాలి దిగగానే పంక్చరనుకుంటాం కానీ చాలాసార్లు పోయేది ఆ రబ్బరే. వాల్వు మూతి మీద ఉమ్మి తడి పెట్టి చూస్తే బుడగ లేస్తుంది. పిన్ను బయటికి లాగి, పాత రబ్బరు పీకి, కొత్తముక్క తడిచేసి ఎక్కిస్తే సరి. టైరు ముట్టుకోనక్కర్లేదు. మొన్న ఆదివారం జరిగింది అదే. చుట్టూ పదిమంది చేరి తలా ఒకమాట చెప్తుంటే ఉమ్మి పెట్టి చూడాలన్న ఆలోచన నాకూ రాలేదు, టైరు ఊడదీశాను.

నల్లచైను
అంటే జనం ఎక్కువై పని ఆలస్యమైంది. పెన్నాగట్టు అన్న చెప్పిందే నిజం కదా.

ఉప్పుగాలి
మీకు కావాల్సిన ముక్క మటుకే తీసుకున్నారు. ఆయన్ని వదిలేసిపోతే ఏమయ్యేదో చెప్పండి. ఇప్పుడు పడమటిగాలి రోజులు. పొయ్యేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, ఎవరైనా తొక్కుతారు. మైపాడు నుంచి నెల్లూరు వచ్చేటప్పుడు మొత్తం ఎదురుగాలి. ముందొకరు ఉంటే మనకి పావువంతు, ఒక్కోసారి మూడోవంతు బలం మిగులుద్ది. ఒంటరిగా పడినవాళ్ళు అదంతా ఛాతీ మీద మోసుకుని రావాలి. అప్పటికే ప్యాచీ వేసి, చెమటోడ్చి, ఎండెక్కాక. ఆ సైకిలు కూర్చునే తీరుకి గాలి ఇంకా ఎక్కువ కొడుతుంది, మీలాగా వంగి తొక్కడం కుదరదు.

ఇంకో గుంపులో నన్ను ఇట్టాగే "వచ్చెయ్ మేడం" అని వదిలేసి పోయారు. అందుకే ఇక్కడికొచ్చాను. చీకట్లో ఆడమనిషికి "ఇద్దరు ఆగుతారు" అనే మాట చాలదు. ఆ ఇద్దరూ ఎవరో ముందే తెలియాలి.

పెన్నాగట్టు అన్నా, మీ బాధ పంక్చర్ కాదు. ఆగితే సగటు వేగం పడిపోతుందని మీ బాధ. అది చెప్పండి.

పెన్నాగట్టు
సరే, చెప్తా. ఫోన్లో కనపడే అంకె కాదు నా బాధ, ఆగితే అది దానంతటదే ఆగుద్ది. వారం మొత్తంలో నాకు దొరికేది ఆదివారం ఆ రెండున్నర గంటలే. ఎనిమిదికి షాపు తెరవాలి. పోయే నెల 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం అనే దూరపు సైకిల్ రైడ్‌కి పేరిచ్చా, పదమూడున్నర గంటల్లో ముగించాలి. అక్కడ వెనక కారు పెట్టుకుని సాయం తీసుకోవడానికి లేదు, ఎవరి పంక్చర్ వాళ్ళే చూసుకోవాలి. ఆ అలవాటు ఇక్కడ పడాలి. ఆదివారం గట్టిగా తొక్కకపోతే నాకు ఇంకో రోజు లేదు. ఇది చెప్తే స్వార్థమంటారని ట్యూబు లెక్కలు చెప్పా.

ఉప్పుగాలి
స్వార్థం అనను. ముందే ఇది చెప్పుంటే ఇంత రాసేదాన్ని కాదు. బీఆర్‌ఎంలో కూడా పక్కన తొక్కేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు, ఆ మాట మీరు వదిలేశారు. కానీ మీకు గట్టిగా తొక్కే రైడ్ కావాలి, మాకు కలిసి పోయి కలిసి వచ్చే రైడ్ కావాలి. రెండూ ఒకే పేరు మీద జరుగుతున్నాయి. ఎవరు దేనికొస్తున్నారో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చినవాళ్ళకి అసలే తెలియదు.

ఒంగోలు_వేపచెట్టు
బయల్దేరే ముందే రెండు జట్లుగా విడిపోండి. ముందు జట్టు ఆగదు, వెనక జట్టు వదలదు. ఎవరు ఎందులోనో వీఆర్‌సీ దగ్గరే చెప్పుకోవాలి.

పెన్నాగట్టు
ఆరుగురేసి అయితే ముందు జట్టులో మాకు మేమే. నాకిష్టమే.

ఉప్పుగాలి
నాకు ఇష్టం లేదు. ముందు జట్టులో కొత్తవాళ్ళు ఎవరూ చేరలేరు, ఆర్నెల్లకి మీరు ఆరుగురూ వేరే గుంపు అవుతారు. టైరు వెయ్యడం అంత వివరంగా చెప్పగలిగినవాళ్ళు ముందుకెళ్ళిపోతే వెనక నేర్పేదెవరు? కనీసం బీచి దగ్గర అందరూ కలిసేదాకా తిరుగుప్రయాణం మొదలుపెట్టకూడదు. ఎదురుగాలిలో అందరం ఒక్క వరసలో రావాలి.

పెన్నాగట్టు
బీచి దగ్గర పదిహేను నిమిషాలు ఆగుతా. అంతకంటే ఆగలేను, షాపు ఉంది.

ఉప్పుగాలి
ఇరవై.

ట్యూబ్‌లెస్_28
నా వెనక చక్రంలో నీళ్ళ చప్పుడు రావడం లేదు. సీలెంటు ఎవరి దగ్గరైనా ఉందా?

పెన్నాగట్టు
నా దగ్గరుంది, శనివారం సాయంత్రం షాపుకి రా.

పాతసైకిల్ బాబాయ్, సామాను లేకుండా రావొద్దని ఇంకా అంటా, అది వెనక్కి తీసుకోను. మీ సంచిలో వాల్వ్ రబ్బరు రెండు ముక్కలు, పిన్ను ఒకటి, సొల్యూషను, ప్యాచీలు, గరుకుకాగితం, టైరు లేపడానికి ఇనప పట్టీలు రెండు పెట్టుకోండి. ట్యూబు వద్దు. పంపు నేను తెస్తా, మీ వాల్వుకి పెట్టి చూడాలి.

పాతసైకిల్
వాల్వ్ రబ్బరు రెండు కాదు, జానెడు తెస్తాను. అయిదుకి వీఆర్‌సీ దగ్గర ఉంటాను.