ప్రాక్టికల్‌కి చెక్‌లిస్టు బట్టీ కొట్టాలా, చేతికి అలవాటు చేయాలా?

ప్రశ్న (కర్నూలు, ఎమర్జెన్సీ టెక్నీషియన్ విద్యార్థిని): మూడు వారాల్లో స్కిల్స్ ప్రాక్టికల్. చెక్‌లిస్టు మొత్తం బట్టీ కొట్టి, ప్రతి స్టెప్పూ పైకి చెప్తే మార్కులు పడతాయని ఒక సీనియర్ అన్న అంటాడు. డమ్మీ మీద చేతులు నొప్పెట్టేదాకా చేస్తేనే వస్తుందని నా రూమ్మేట్ అంటుంది. మాకున్నది ఒకటే డమ్మీ, నలభై మందిమి. ఎవరి మాట వినాలి?

కడప: బట్టీనే, చెల్లీ. టెన్షన్‌లో బుర్ర ఖాళీ అవుతుంది. ఎగ్జామినర్ చేతిలో ఉండేది కాగితం, నువ్వు చెప్పకపోతే చేయనట్టే. గ్లోవ్స్ వేసుకున్నా, చుట్టూ ప్రమాదం లేదని పైకి చెప్పనందుకు నాకు మార్కు పోయింది.

అనంతపురం, అంబులెన్స్ ఉద్యోగి: అన్న చెప్పింది తప్పని అనను. బట్టీ కావాలి. కానీ నోరు చేతికంటే ముందు పరిగెత్తకూడదు.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి "పల్స్ చూస్తున్నా సార్" అంది. వేళ్ళేమో మెడ నడిమధ్య, గొంతుగొట్టం మీదున్నాయి. "ఎంతసేపు చూస్తావమ్మా?" అన్నారు ఎగ్జామినర్. "పది సెకన్లు మించకుండా" అని ఠక్కున చెప్పింది. వేళ్ళను మాత్రం పక్కకు జరపలేదు. ఆ దృశ్యం నాకిప్పటికీ గుర్తే.

సీపీఆర్ చూడు, అంటే గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం. 30 నొక్కులకు 2 ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు పెద్దవాళ్ళకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. ఇవి అందరికీ నోటికొచ్చు. నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వడం మాత్రం చేస్తేనే వస్తుంది. అలసిపోయేకొద్దీ మనకు తెలియకుండానే బరువు ఛాతీ మీద వాల్చేస్తాం, అప్పుడు గుండెలోకి రక్తం సరిగా నిండదు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలనేది అందుకే. నేషనల్ హైవే పక్కన, ఎండలో మోకాళ్ళ మీద కూర్చుంటే రెండు నిమిషాలు ఎంత పొడుగో తెలుస్తుంది.

కడప: ఫీల్డ్ వేరు, పరీక్ష వేరు. ముందు పాసవ్వాలి కదా!

అనంతపురం: పాసవ్వడానికే చెప్తున్నా అన్నా. డమ్మీ దొరకని రోజు, ఎముక విరిగిన కాలు కదలకుండా వేసే కట్టు ప్రాక్టీస్ చెయ్, చెల్లీ. రూమ్మేట్‌ని పడుకోబెట్టి అట్టముక్క, టవల్‌తో కట్టు. కట్టకముందు పాదం మీద పల్స్, వేళ్ళ కదలిక, స్పర్శ చూడాలి. కట్టాక మళ్ళీ ఆ మూడూ చూడాలి. ఈ రెండోసారి చూడటమే ఎక్కువమంది మరిచిపోతారు. కట్టు బిగుసుకుని రక్తం ఆగిపోతే పట్టిచ్చేది అదొక్కటే. చెక్‌లిస్టు ఇంకొకరి చేతిలో పెట్టు. చెయ్యి పని మొదలుపెట్టాకే నోరు తెరువు.

కర్నూలు: రాత్రి చేశాం. రూమ్మేట్ కాలికి కట్టి, "అయిపోయింది" అని లేచేశా. కాగితం పట్టుకున్న అక్క "పాదం?" అంది. మళ్ళీ కూర్చున్నా. పల్స్ దొరకడానికి చాలాసేపు పట్టింది, అసలు ఎక్కడ వెతకాలో నా వేళ్ళకు తెలియలేదు. రేపు పొద్దున హాస్టల్లో నలుగురి పాదాలు పట్టుకుని చూస్తా.