పగుళ్ల సున్నపురాయిలోకి సర్ఫాక్టెంట్: చమురు వస్తుందా, మందు ఖర్చే మిగులుతుందా?

కృష్ణలంక_ఎంటెక్
భూమి లోపల పగుళ్ల సున్నపురాయిలో చిక్కుకున్న చమురును సర్ఫాక్టెంట్ (సబ్బు లాంటి మందు) పంపి బయటికి తీయొచ్చా అని బెజవాడలో ఒక సెమినార్‌లో మొదలైన వాదన ఇది. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. "పగుళ్లున్న రాయిలో కెమికల్స్ పంపితే పంపిన డబ్బులు కూడా తిరిగి రావు" అని ఒక సారు కొట్టిపారేశారు. నేను ఒప్పుకోను.

ఇలాంటి రాయిలో చమురు చాలావరకు పగుళ్ల మధ్యనున్న రాతి దిమ్మల లోపల, సన్నని రంధ్రాల్లో ఉంటుంది. దారేమో పగుళ్లది. నీళ్లు పంపితే పగుళ్ల వెంట పరిగెత్తి అవతలి బావిలో తేలతాయి, దిమ్మలో చమురు కదలదు. నీళ్లను పీల్చుకునే రాయి అయితే ఇబ్బంది లేదు. నార్త్ సీలో ఎకోఫిస్క్ అనే చమురు ఫీల్డ్ అలాంటిదే, 1987 నుంచి నీళ్లు పంపి మంచి ఫలితం సాధించారు. కానీ సున్నపురాళ్లలో ఎక్కువ శాతం చమురునే పట్టుకుంటాయి. ముడిచమురులోని ఆమ్లాలు రంధ్రాల గోడలకు అంటుకుపోయి నీళ్లను లోపలికి రానివ్వవు. సర్ఫాక్టెంట్ ఆ పట్టు వదిలిస్తుంది. మా ల్యాబ్‌లో ఉప్పునీళ్లలో పెట్టిన కోర్ (పరీక్షకు తీసిన రాతి స్తంభం) ముక్క అలాగే కూర్చుంది. సర్ఫాక్టెంట్ కలిపాక రాతి మీద నల్లటి పూసలు లేచి, ఒక్కొక్కటీ తెగి, గాజు సెల్ మెడలోకి చేరాయి. కళ్లతో చూసినదాన్ని ఎలా కాదంటారు?

మిర్చియార్డ్_పక్కవీధి
గుంటూరులో మాది పురుగుమందుల షాపు. రైతు స్ప్రే ట్యాంకులో స్టిక్కర్ కలుపుతాడు కదా, కలపకపోతే చుక్క ఆకు మీద గుండ్రంగా నిలబడి జారిపోతుంది, కలిపితే పరుచుకుంటుంది. ఇదీ అలాంటిదేనా తమ్ముడూ? అయితే నా ప్రశ్న ఒకటే, ఎంత పోయాలి?

పాత_రిగ్గు
సగం వరకు అలాంటిదేనండి. ఆకు మీద మందు పైన పరుచుకుంటే చాలు. ఇక్కడ లోపలికి దిగాలి, దిగుతూ దిగుతూ సగం మందుని రాయే తినేస్తుంది. మామూలు నీటిలో సున్నపురాతికి ధన ఆవేశం ఉంటుంది, రుణ ఆవేశమున్న చవక రకం మందులు దానికే అతుక్కుపోతాయి. సోడా యాష్ (చాకలి సోడా లాంటి క్షారం) కలిపితే ఆ నష్టం తగ్గుతుంది. కానీ నీటిలో కాల్షియం ఉంటే సోడా యాష్ దాంతో కలిసి తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. సముద్రపు నీటిలోనే లీటరుకు దాదాపు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నీటిని మెత్తబరిచే ప్లాంటు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఆ తలనొప్పి వద్దని ధన ఆవేశమున్న రకానికి వెళ్తే మందు ధరే దడ పుట్టిస్తుంది.

బాబూ ఎంటెక్, ఒకటి చెప్పు. నీ పూసలు కోర్‌కి అన్ని వైపుల నుంచీ వచ్చాయా, పైముఖం నుంచేనా?

కృష్ణలంక_ఎంటెక్
ఎక్కువగా పైనుంచే సార్. ఎందుకు?

తెనాలి_లెక్కలు
ఆయన ఎందుకడిగారో నేను చెప్తా, అసలు సంగతి అక్కడే ఉంది. అన్ని వైపుల నుంచీ వస్తే రాయి పీల్చుకునే శక్తితో నడుస్తున్నట్టు. అప్పుడు పట్టే సమయం దిమ్మ సైజు వర్గంతో పెరుగుతుంది. 4 సెంటీమీటర్ల కోర్‌కి 20 రోజులు అనుకోండి. 2 మీటర్ల దిమ్మ 50 రెట్లు పెద్దది, సమయం 2,500 రెట్లు, అంటే 137 ఏళ్లు! పైనుంచే వస్తే చమురు తేలిక కాబట్టి పైకి లేస్తోందన్నమాట, గురుత్వాకర్షణ పని. అక్కడ సమయం ఎత్తుతో నేరుగా పెరుగుతుంది. 50 రెట్లంటే 1,000 రోజులు, మూడేళ్లలోపే. కాబట్టి సార్, మీ ప్రశ్న కుర్రాడికే కలిసొచ్చింది.

పాత_రిగ్గు
కాగితం మీద కలిసొచ్చింది. మందు దిమ్మ లోపలికి దిగడానికి పట్టే కాలం ఆ లెక్కలో ఎక్కడుంది? కోర్‌ని చుట్టూ మందులో ముంచుతారు. రిజర్వాయర్‌లో, అంటే భూమి లోపల చమురున్న రాతి పొరలో, మందు పగులు వెంట అవతలి బావికి పారిపోతుంది, దిమ్మ తాకేది కొంతే. అమెరికాలో కాటన్‌వుడ్ క్రీక్‌లో బావుల్లో మందు పోసి నానబెట్టారు. కొన్నిట్లో ఉత్పత్తి పెరిగింది, కొన్నిట్లో లేదు. ఒకే ఫీల్డ్, ఒకే రకం డోలమైట్ (సున్నపురాయి లాంటిదే) రాయి.

గన్నవరం_గోపి
మరి రాజస్థాన్ మంగళ ఫీల్డ్‌లో కెమికల్ పనిచేసింది కదా?

తెనాలి_లెక్కలు
అది ఇసుకరాయి అన్నా. అక్కడ పాలిమర్ నీటిని చిక్కగా చేసి చమురును తోస్తుంది. పగుళ్ల రాయిలో చిక్కని నీళ్లకైనా పగులే దారి. ఇక్కడికి పనికొచ్చే ఉదాహరణ కాదు.

లంకగ్రామం_రైతు
మీ లెక్కలు మీవి. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది, ఆ మంట చూసినోళ్లం. ఇప్పుడు భూమిలోకి మందులు కూడానా? మా బోరు నీళ్ల సంగతేంటి?

పాత_రిగ్గు
మీ భయం న్యాయమే. కానీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఎక్కువ భాగం ఇసుకరాళ్లు, అందులోనూ గ్యాసు ఎక్కువ. ఇక్కడ మాట్లాడుతున్నది ముంబై హై లాంటి సున్నపురాయి గురించి, అది సముద్రంలో ఉంది. మీ దగ్గర ఎవరైనా ఏ మందైనా వాడతామంటే రెండు అడగండి: బావి గొట్టం చుట్టూ సిమెంటు పరీక్ష ఏం చెప్పింది, చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీళ్లు ఎక్కడ వదులుతారు. నాకు రెండోదే ఎక్కువ టెన్షన్.

కృష్ణలంక_ఎంటెక్
సార్, అందుకే ఫీల్డంతా పొయ్యమనట్లేదు. ముందు ఒక్క బావిలో నానబెట్టి చూస్తే నష్టమేంటి? మెరుగైన రికవరీ పద్ధతులకు ప్రోత్సాహకాలిస్తూ 2018లో కేంద్రం పాలసీ కూడా తెచ్చింది. ప్రయత్నించకుండానే దండగ అనడం తొందరపాటు కాదా?

పాత_రిగ్గు
ఒక్క బావికి నా అభ్యంతరం లేదు. కానీ ముందు ఆ ఫీల్డ్ రాయి పొడినే, ఆ ఫీల్డ్ ఉప్పునీళ్లతో, లోపలుండే వేడిలో పెట్టి మందు ఎంత తింటుందో కొలువు. గ్రాము రాయికి ఎన్ని మిల్లీగ్రాములో చెప్పు, మిర్చియార్డ్ గారు అడిగిన 'ఎంత పోయాలి' లెక్క అప్పుడు నేనే వేసిపెడతా. డిస్టిల్డ్ వాటర్‌తో, గది వేడిలో తీసిన గ్రాఫ్ మాత్రం పంపకు.

కృష్ణలంక_ఎంటెక్
ఓవెన్ ఈ సెమిస్టర్ సీనియర్ల చేతిలో ఉంది సార్. దొరగ్గానే పెడతా.