రైలు జంక్షన్‌ని ‘కూడలి’ అనొచ్చా?

రైల్వే చరిత్ర మీద ఒక తెలుగు వ్యాసం దిద్దుతున్నానండి. రాసినాయన అంతటా ‘కూడలి స్టేషన్’ అని వాడారు. చదవడానికి బాగానే ఉంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది. మా విశాఖలో జంక్షన్ అంటే ముందు రోడ్లే గుర్తొస్తాయి: జగదాంబ జంక్షన్, మద్దిలపాలెం జంక్షన్. హనుమాన్ జంక్షన్‌కి ఊరి పేరే అలా వచ్చింది, అదీ రోడ్ల పుణ్యమే. గుంటూరులో సెంటరు, అనంతపురంలో సర్కిలు, వరంగల్‌లో చౌరస్తా. వీటన్నిటికీ కూడలి సరిపోతుంది. మరి రైలుకో?

— గుంతకల్లు సభ్యుడి జవాబు:

మా ఊరి సంగతి చెప్తా, తర్వాత మీరే తేల్చండి. మద్రాసు రైల్వే వాళ్ళు అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా వేసుకొచ్చిన బ్రాడ్‌గేజి 1871లో రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వేతో కలిసింది. గుంతకల్లు ఆ దారి మీదే ఉంది. తర్వాత సదరన్ మరాఠా రైల్వే వాళ్ళ మీటర్‌గేజి వచ్చింది. ఒక కొస బళ్ళారి, హుబ్బళ్ళి వైపు. ఒక కొస నంద్యాల, గుంటూరు మీదుగా బెజవాడకు. ఇంకొకటి ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరుకు. దిక్కుకో లైను. కూడలి అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ పట్టాలు కొలిచి చూడండి. బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజిలో 1,000. బళ్ళారి నుంచి వచ్చిన వ్యాగను మద్రాసు పోలేదు. సరుకంతా ఇక్కడ దింపి, మోసి, వేరే బండికి ఎత్తాల్సిందే. మనుషులైతే పెట్టెలు నెత్తిన పెట్టుకుని బండి మారేవాళ్ళు. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా కలిసి ఎం అండ్ ఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) అనే ఒకే కంపెనీ అయ్యాయి. యజమాని ఒకరే అయినా పట్టాలు మాత్రం కలవలేదు.

మన వ్యాకరణంలో చెప్పాలంటే అది సంధి జరగని చోటు. మా, అమ్మ పక్కపక్కనే ఉన్నా రెండచ్చులూ కలవవు. నడుమ యడాగమం వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది. గుంతకల్లులో ఆ యకారం పని హమాలీలు చేశారు! ఇది ఒకటి రెండేళ్ళ ముచ్చట కాదు. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడినా, 1956లో గుంతకల్లు డివిజన్ వచ్చినా, 1977లో అది దక్షిణ మధ్య రైల్వేలోకి మారినా నంద్యాల వైపు మీటర్‌గేజే నడిచింది. 1990లలో గుంటూరు, హుబ్బళ్ళి లైన్లు బ్రాడ్‌గేజి అయ్యాకే అసలు సంధి కుదిరింది, అదీ ఒక అచ్చు లోపించాక, అంటే మీటర్‌గేజి పోయాక.

కాబట్టి కూడలి తప్పు కాదు గానీ, అది చాలా తక్కువ చెప్తుంది. దారులు కలిశాయంటుందే తప్ప బండి దాటగలదా లేదా అన్నది అందులో లేదు. ఆ మాటకొస్తే జంక్షన్‌లోనూ లేదనుకోండి. కాకపోతే దాన్ని రైలు మాటగా జనం ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

— కాజీపేట నుంచి ఇంకో సభ్యురాలు:

అన్నా, సంధి మాట బాగుంది. మా దగ్గర మాత్రం గొడవ వేరు. నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి బెజవాడకు 1889లోనే పోయింది. అప్పుడు కాజీపేట దారిలో ఒక స్టేషన్, అంతే. మహారాష్ట్ర దిక్కున్న బల్లార్షా లైను 1929లో పూర్తయినంకనే ఢిల్లీ, మద్రాసు బండ్లు ఇటు తిరిగినయ్, మాది పెద్ద జంక్షన్ అయింది. ఇక్కడ మేము ‘లైను కలిసింది’ అనం, ‘ఇక్కడ లైను చీలుతది’ అంటం. బల్లార్షా నుంచి దిగేటోళ్ళకు ఒకటి హైదరాబాద్ దిక్కు, ఒకటి బెజవాడ దిక్కు. కూడలి అంటే ఆ చీలుడు ఏమైతది?

— మొదట అడిగినవారు:

అయితే వ్యాసంలో జంక్షన్ అనే ఉంచేస్తాను. రాసినాయన ఒప్పుకోకపోతే ‘రైలు కూడలి’ అని ఒక్కసారి రాసి వదిలేయమంటాను.

— కాజీపేట సభ్యురాలు:

వదిలేయమను. ఆటో ఎక్కి ‘కాజీపేట కూడలి’ అంటే చౌరస్తాల దింపుతడు, బండి పోతది.