కావేరిలో హ్యాచరీలో పెంచిన మహసీర్ చేపపిల్లల్ని వదలడం ఆపాలా, వద్దా?

ఏటిగట్టు:
కావేరి పరీవాహకంలో తప్ప లోకంలో ఇంకెక్కడా పుట్టని మహసీర్ చేప ఒకటుంది. నారింజ రంగు రెక్కలు, వీపున మూపురం. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి పడిన 120 పౌండ్ల చేప ఈ రకమే. ఇంత పేరున్నా అది ఏ జాతో ఖాయంగా తేలింది 2018లో. కేరళలో పుట్టి అమరావతి నది ద్వారా కావేరికి చేరే పాంబార్‌లోని చేపలకు 2007లో టోర్ రెమాదేవియై అని పేరు పెట్టారు, 2018లో మూపురం మహసీరూ అదేనని తేల్చారు. ఆ ఏడాదే ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. ఇది తెలిశాక కూడా కావేరిలో నీలి రెక్కల ఖుద్రీ అనే వేరే జాతి మహసీర్ పిల్లల్ని వదలాలంటే నాకు మింగుడు పడదు. ఖుద్రీ పుణె దగ్గరి ములా-ముఠా చేప, అంటే మన కృష్ణ నీళ్లది. లోనావాలా హ్యాచరీలో పెంచి తెచ్చి కావేరిలో వదిలారు.

గాలంపుల్ల:
తప్పంతా ఖుద్రీ మీదే వేస్తే ఎలాగండీ? చేపల కోసం నీళ్లలో డైనమైట్ పేల్చింది మనుషులు. ఇసుక తోడింది, ఆనకట్టలు కట్టింది మనుషులు. కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోర్ శిబిరాల్లో గాలంతో పట్టి మళ్లీ నదిలోకే వదిలేసే వేట నడిచినన్నాళ్లు, ఒకప్పుడు దొంగచాటుగా పట్టినవాళ్లే గైడ్లుగా నదికి కాపలా కాశారు. ఏదో ఒక మహసీర్ ఉంటేనే ఆ నదిని పట్టించుకునేవాళ్లు ఉంటారు.

ఏటిగట్టు:
శిబిరాల మేలు కాదనను. అక్కడ రాసిపెట్టిన లెక్కలే చూడండి, 1998 నుంచి 2012 దాకా. ఖుద్రీ పెరుగుతూ పోయింది. మూపురం చేపలు తగ్గిపోయాయి, పడ్డవేమో అంతకంతకూ పెద్దవి. చిన్నవి కనబడటం లేదంటే ముసలివే మిగిలాయి, వాటి పిల్లలు బతికి బట్టకట్టడం లేదు. డైనమైట్ ఒక్కటే కారణమైతే అదే నీళ్లలో ఖుద్రీ ఎలా నిలిచింది?

నీలికొంగ:
ఏటేటా వదిలితే నిలవదా మరి! అయినా అసలు జాతినే పెంచి వదలొచ్చు కదా?

ఏటిగట్టు:
తల్లి చేపలు కావాలి కదండీ. కావేరి పరీవాహకంలోని మోయార్ నదిలో మిగిలినవాటిని అందుకోసం పట్టేస్తే ఉన్నవీ పోతాయి. నాలుగైదు తల్లుల పిల్లలతో నది నింపితే అన్నీ ఒకే రక్తం. ముందు మోయార్‌లో నీటి ప్రవాహం, గుడ్లు పెట్టే చోట్లు చెడకుండా చూడాలి.

గాలంపుల్ల:
సరే, ఇప్పటికే స్థిరపడిన ఖుద్రీని ఏం చేస్తారు?

ఏటిగట్టు:
ఏరిపారేయడం ఎవరి వల్లా కాదు. కొత్తగా ఒక్క పిల్లను కూడా కలపొద్దంటున్నాను, అంతే.