అమరావతి ఫలకం 1880కి ముందు ఎక్కడుంది?

కృష్ణాతీరం: పొద్దుట్నుంచి దీనిమీదే కూర్చున్నా, తల వాచిపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో స్తూపం చెక్కిన అమరావతి ఫలకం. నంబరు 1880తో మొదలైంది, అంటే 1880లో తవ్వి తీశారా? సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతి శిల్పాలకు గీయించిన బొమ్మలన్నీ తిరగేశా, లేదు. పుట్టుపూర్వోత్తరాలు పట్టుకునేదెలా?

రాతిబడి: పూర్తి నంబరు? వెనకవైపు చూశారా?

పలనాటిరాయి: ముందు ఒక మాట. అమరావతిలో తవ్వించిన మద్రాసు అధికారి వాల్టర్ ఎల్లియట్ పేరుతో ఈ రాళ్లకున్న 'ఎల్లియట్ మార్బుల్స్' అన్న పాత పేరు చూసి పాలరాయి అని రాయకండి. అది పల్నాటి సున్నపురాయి. వెతికేటప్పుడు మార్బుల్, లైమ్‌స్టోన్ రెండూ వేసి చూడండి, లేకపోతే కొన్ని రికార్డులు జారిపోతాయి.

బందరువాసి: రాయి సంగతి తర్వాతండీ. 1880 తవ్విన ఏడాది కాదు, లండన్‌లోని ఇండియా మ్యూజియం నుంచి బ్రిటిష్ మ్యూజియంకు వచ్చినవాటిని నమోదు చేసిన ఏడాది. 0709 ఉంటే జులై 9, చుక్క తర్వాతది వరుస సంఖ్య. అక్కణ్నుంచి వెనక్కి నడవండి. 1859లో మద్రాసు నుంచి 121 ముక్కలు లండన్‌కు ఓడెక్కాయి. అంతకు ముందే, 1858లో, మద్రాసులో ట్రైప్ అనే ఫోటోగ్రాఫర్ వాటిని ఫోటోలు తీశాడు. ఎల్లియట్ తవ్వించింది 1845లో. మెకంజీ బొమ్మలు 1816-17 నాటివి. ఎల్లియట్ తవ్వకంలోనే బయటపడ్డ రాయైతే వాటిలో ఉండదు.

పోల్చేటప్పుడు శిల్పాన్ని కాదు, విరిగిన అంచుల్ని చూడండి. స్తూపం బొమ్మ ఎన్నో ఫలకాల మీద ఉంది, విరుపు మాత్రం దేనిది దానిదే. ఫోటోలో ఉన్న మూల ఇప్పుడు లేకపోవచ్చు. అప్పుడే విరిగిన మూల ఇప్పుడు నిండుగా ఉంటే అది వేరే రాయి.

కృష్ణాతీరం: 1880,0709.79. వెనకవైపు కూడా ఉందా!

రాతిబడి: ఉంది. చెట్టు, కింద ఖాళీ ఆసనం. అదే మొదట చెక్కింది. తర్వాత రాయి తిప్పి స్తూపం చెక్కారు. బొమ్మల్లో ఆ ముఖం కోసం వెతకండి.

పలనాటిరాయి: 'పుట్టుపూర్వోత్తరాలు' అంటే రెండూ కలిసిపోతున్నాయి. దొరికిన చోటు వేరు, చేతులు మారిన వరుస వేరు.

బందరువాసి: పేరేదైనా, రెండూ ఒకే కాగితం మీద ఉండాల్సిందే.

పలనాటిరాయి: ఒకే కాగితమైనా గడులు రెండుండాలి. కొన్ని ఫలకాలు ముందు బందరు చేరి, అక్కడ నిలబెట్టాక మద్రాసు వెళ్లాయి. 'అమరావతి' అని ఒక్క మాట రాస్తే మీ ఊరే ఎగిరిపోతుంది.

బందరువాసి: అది ఒప్పుకుంటా. కానీ ఈ రాయి బందరు వచ్చిందనడానికి ఆధారం ఉందా?

కృష్ణాతీరం: ట్రైప్ ఫోటోలు తెరిచానండీ, థాంక్స్. వెనక ముఖం రేపు చూస్తా.