రిఫరెన్సుల్లో ఇంటిపేర్లు తారుమారు: బిబ్‌టెక్ తెలిసినవారు సాయం చేయగలరా?
నమస్కారం. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. ఒక ఇంజినీరింగ్ పత్రికకు పంపిన నా మొదటి వ్యాసం సమీక్షకైనా వెళ్లకుండానే తిరిగి వచ్చింది. 43 రిఫరెన్సులను ఐఇఇఇ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) పద్ధతిలో సరిచేసి పంపమన్నారు.

వ్యాసాన్ని లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి, రిఫరెన్సుల జాబితా తయారుచేసే బిబ్‌టెక్‌తో ఐఇఇఇట్రాన్ అనే ఐఇఇఇ శైలి ఫైలు వాడుతున్నాను. చదరపు బ్రాకెట్లలో అంకెలు, వ్యాసంలో ప్రస్తావించిన వరుస బాగానే కుదిరాయి. శీర్షికల్లో ‘ఐజీబీటీ’ (ఒక రకం ట్రాన్సిస్టర్) అన్న ఇంగ్లిష్ పొట్టిపేరు చిన్న అక్షరాల్లోకి మారిపోతుంటే ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టాను, ఆ చిక్కు తీరింది.

తీరనిది పేర్ల సంగతి. మా గైడ్ తన ఇంటిపేరు ముందు, పేరు చివర రాస్తారు. బిబ్‌టెక్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుని, అసలు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తోంది. ఇంటిపేరు తర్వాత కామా పెడితే సరిగానే వస్తుంది కానీ, ఆయన పాత వ్యాసాల్లో కొన్ని పొడి అక్షరాలతోనే అచ్చయ్యాయి. జాబితాలో ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తున్నారు. ఆయన కృషి అలా చీలిపోవడం నాకు చాలా బాధగా ఉంది. అచ్చులో ఉన్నట్టే ఉంచాలా, అన్నింటినీ ఒకే తీరుగా మార్చవచ్చా?

ఇంకొకటి: ఒకే రచయితల వ్యాసాలు వెంటవెంటనే వస్తే, రెండోదానిలో పేర్లకు బదులు పొడవైన గీత పడుతోంది. ఆరుగురికి మించి రచయితలున్నా అందరి పేర్లూ వచ్చేస్తున్నాయి. తుది ఫైలును చేత్తో దిద్దకుండా ఈ రెండూ సరిచేసే అమరిక ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే సోమవారంలోగా తిరిగి పంపాలి.