సమస్య: “దారి తప్పిన పక్షికే దారి దొరికె”

తేటగీతి పద్యానికి చివరి పాదం ఇది; మిగతా మూడు పాదాలూ సభ్యులు రాయాలి. తుఫాను గాలికి సముద్రం దాటి, తమది కాని ఖండంలో వాలిన వలసపక్షుల మీద పూరించమన్నాను. తప్పడమూ దొరకడమూ ఒకే పిట్టకు ఎలా పొసగుతాయన్నదే చిక్కు.

అక్కయ్యగారి పూరణ

మంచు దీవికి నెట్టగ మారుతమ్ము
గూడు నచ్చట కట్టుచు కుదురుకొనియె;
తప్పు దారియె తరువాత తరము కిల్లు;
దారి తప్పిన పక్షికే దారి దొరికె.

(1937 జనవరిలో ఫీల్డ్‌ఫేర్ అనే యూరప్ వలసపక్షులను పెనుగాలి గ్రీన్‌లాండ్‌కు విసిరేసింది. వాటిలో కొన్ని దక్షిణ గ్రీన్‌లాండ్‌లో స్థిరపడి పిల్లల్ని పెట్టాయి.)

— అక్కయ్యగారూ, సమస్యలోని విరోధం చక్కగా విడింది. ఒక్క మాట: ‘తరముకు’ వ్యావహారికం, పద్యంలో ‘తరమునకు’ అనాలి. “తప్పు దారియె పిల్లకు తల్లి యిల్లు” అంటే గణాలూ యతీ రెండూ నిలుస్తాయి.

మాస్టారి పూరణ

కాలి కడియపు టంకెలు కథను జెప్ప
ఆంగ్లసీమను వీడిన దనుచు తెలిసె;
ఎచటి గుడ్డిది! యెచ్చట నిట్లు దిగెను!
దారి తప్పిన పక్షికే దారి దొరికె.

— మాస్టారూ, నమస్కారం. ‘దొరికె’ని ‘మనకు తెలిసింది’ అనే అర్థానికి తిప్పారు. నాకు తట్టనే లేదు! 1927 డిసెంబరులో ఇంగ్లండ్ చలికి ఐర్లండ్ వైపు బయల్దేరిన తీతువు జాతి పిట్టలు తూర్పుగాలికి కొట్టుకుపోయి న్యూఫౌండ్‌లాండ్‌లో దిగాయి. అట్లాంటిక్ మీద గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కాబట్టి యూరప్ నుంచి అమెరికా వైపు కొట్టుకుపోవడం అరుదు. అక్కడ దొరికిన ఒక పిట్ట కాలికి 1926లో ఇంగ్లండ్‌లోని అల్స్‌వాటర్ దగ్గర తొడిగిన రింగు ఉంది. మీ ‘కడియం’ అదేగా! ‘వీడినది + అనుచు’ సంధిలో దాగిన అకారంతో యతి కుదిరింది. ‘గుడ్డిది’ (గుడ్డు + ఇది)ని మాత్రం మొదట కళ్లు లేని పిట్ట అనుకుని నవ్వుకున్నాను. అయినా మార్చకండి.

కొత్త సభ్యుడి పూరణ

తుఫాను చేతిలో బొమ్మలై తూలి తూలి
పిడికె డైనను లేనట్టి పిట్ట లన్ని
వేల్సు గట్టున వాలెను వేకువందు;
దారి తప్పిన పక్షికే దారి దొరికె.

(మొదటి ప్రయత్నం, కాస్త టెన్షన్‌గానే ఉంది.)

— తమ్ముడూ, టెన్షన్ ఎందుకు? రెండో పాదం నాకు బాగా నచ్చింది. పది గ్రాములు తూగే వార్బ్లర్ అనే చిన్న పాటపిట్టను అంతకన్నా ఎలా చూపిస్తాం! 2023 సెప్టెంబరులో లీ హరికేన్ వెనకాలే ఇలాంటి అమెరికా పిట్టలు బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో వాలాయి. రాత్రిపూట వలస బయల్దేరినవి వేగంగా కదిలే వాయుగుండం గాలిలో చిక్కుకుంటే, ఆ ఊపుకే సముద్రం దాటేస్తాయి.

ఇక తప్పులు. ‘తుఫాను’ జగణం (లఘువు, గురువు, లఘువు), తేటగీతి పాదం దానితో మొదలవదు. “గాలి చేతిలో బొమ్మలై కదలి కదలి” అనండి, గా-క యతి కూడా కుదురుతుంది. అసలు లోపం భావంలో ఉంది. మీ పిట్టలకు దొరికింది ఒడ్డు. అక్కడి నుంచి తిరిగి వెళ్లే దారి చాలావాటికి దొరకదు.

— గురువుగారూ, అయితే ‘దారి’ తీసేసి “దరియు దొరికె” అనొచ్చా? దరి అంటే ఒడ్డేగా!

— గణం సరే, యతీ సరే, అర్థం ఇంకా సరే. కానీ ఇచ్చిన పాదాన్ని మార్చకూడదయ్యా!